నొప్పి తగ్గిందంటే పన్ను బాగుపడినట్టు కాదు

పంటి నొప్పి రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసి, మూడో రోజు దానంతటదే తగ్గిపోతే ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. మందుల దుకాణంలో తెచ్చిన మాత్ర పనిచేసిందనో, లవంగం పెట్టినందుకు నయమైందనో చెప్పుకుని డాక్టరు దగ్గరికి వెళ్లే ఆలోచన మానేస్తారు. పళ్ల విషయంలో ఇంతకు మించి మోసం చేసే ఊరట మరొకటి లేదు. అంతగా వేధించిన నొప్పి ఉన్నట్టుండి ఆగిపోయిందంటే, చాలాసార్లు పన్ను లోపలి నరం చచ్చిపోయిందని అర్థం. నొప్పిని తెలియజేసే నరం పోయింది, దాన్ని చంపిన ఇన్ఫెక్షన్ మాత్రం అక్కడే ఉంది. వేరు కొసలోంచి దవడ ఎముకలోకి మెల్లగా పాకుతుంది. చాలామందికి ఆ సంగతి తెలిసేది కొన్ని నెలల తర్వాత చెంప వాచినప్పుడే.

దంత చికిత్స అంటే మనకున్న భయం, అపోహలు, ఒక్క పన్నుకు ఇంత డబ్బా అన్న బాధ, వీటిలో చాలా భాగం ఆలస్యంలోంచి పుట్టినవే. ఫిల్లింగ్, రూట్ కెనాల్, క్యాప్, పన్ను తీయడం, ఇంప్లాంట్ అనేవి వేరువేరు జబ్బులకు చేసే వేరువేరు చికిత్సలని అనుకుంటాం. ఎక్కువసార్లు జబ్బు ఒక్కటే. అది ఎంత లోతుకు దిగిందన్నదాన్ని బట్టి చికిత్స మారుతుంది, ఖర్చూ మారుతుంది. అందుకే ఇక్కడ ఒకే పన్నును పట్టుకుని, అది చెడిపోతూ పోతే ఏ దశలో ఏం చేస్తారో, కుర్చీలో కూర్చున్న మనిషికి ఏం అనుభవమవుతుందో వరుసగా చెబుతాను.

ఆరేళ్లకు వచ్చే దవడ పన్ను

ఆ పన్ను కింది దవడలో వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను. పిల్లలకు దాదాపు ఆరేళ్లప్పుడు, పాల దవడ పళ్ల వెనుక ఖాళీగా ఉన్న చోట మొలుస్తుంది. దీనికోసం ఏ పాలపన్నూ ఊడదు. అందుకే తల్లిదండ్రులు దీన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. నల్లమచ్చ కనిపించినా, ఎలాగూ ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. అది ఊడదు. జీవితాంతం నమలవలసిన పన్ను అది. నోట్లో అన్నిటికంటే ఎక్కువ భారం మోసే పళ్లలో ఒకటి. పాలు మరిచిపోని వయసులో వచ్చి, బ్రష్ సరిగా పట్టుకోవడం రాకముందే పుచ్చు పట్టే పన్ను కూడా ఇదే.

దీని పైభాగంలో సన్నని లోతైన గాడులు ఉంటాయి. కొన్ని బ్రష్ కుచ్చు పోగు కంటే సన్నవి. ఎంత తోమినా వాటి అడుగు శుభ్రపడదు. అక్కడ నిలిచిన తీపిని, పిండి పదార్థాన్ని నోటిలోని బ్యాక్టీరియా తిని ఆమ్లం విడుదల చేస్తుంది. ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ. అది 5.5 కంటే కిందికి దిగిందంటే పన్ను పైనుండే గట్టి పొర ఎనామెల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను కొంత తిరిగి అందిస్తుంది. ఈ మరమ్మతుకు సమయం కావాలి. కాబట్టి ఎంత తీపి తిన్నామన్నదాని కంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. భోజనంతో పాటు రెండు లడ్డూలు తిన్నవాడి కంటే, పొద్దుట నుంచి సాయంత్రం దాకా గంటకోసారి చక్కెర టీ తాగుతూ బిస్కెట్లు నంజుకునే వాడి పళ్లకే ముప్పు ఎక్కువ.

ఈ దశలో నొప్పి ఉండదు. ఎనామెల్‌లో నరాలు లేవు. సున్నం రాసినట్టు ఒక తెల్లని మచ్చ మాత్రమే కనబడుతుంది. ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమి, తీపి తినే సార్లు తగ్గిస్తే ఆ మచ్చ అక్కడితో ఆగిపోవచ్చు, డ్రిల్లింగు పని రాదు. ఇంకా మచ్చ కూడా రాకముందే అయితే డాక్టర్లు ఆ గాడులను రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో పలచగా పూడ్చేస్తారు. దాన్నే సీలెంట్ అంటారు. ఇంజెక్షన్ లేదు, గీకుడు లేదు, పన్నుకు కొన్ని నిమిషాలు చాలు. మొత్తం దంత వైద్యంలో డబ్బుకు తగ్గ ఫలితం ఇంతగా ఇచ్చే పని మరొకటి ఉందని నేననుకోను. అడిగి చేయించుకునే తల్లిదండ్రులు మాత్రం చాలా తక్కువ.

పుచ్చు ఎనామెల్ దాటితే

ఎనామెల్ కింద డెంటిన్ ఉంటుంది. అది మెత్తన. పుచ్చు అక్కడికి చేరిందంటే పక్కలకు వేగంగా వ్యాపిస్తుంది. పైన చిన్న నల్లచుక్క కనిపిస్తున్నా లోపల పెద్ద గుంత ఉండేది ఇందుకే. డాక్టరు ఇంత చిన్న మచ్చకు అంత పెద్ద రంధ్రం చేశారేమిటని అనుమానించేవాళ్లకు ఇదే సమాధానం. ఎక్స్‌రేలో ఆ గుంత నల్లగా కనబడుతుంది. చూపించమని అడగండి. చూపించడం డాక్టరుకు కష్టమేమీ కాదు.

ఇప్పుడు చల్లనీళ్లు తాగితే పన్ను జివ్వుమంటుంది, వెంటనే తగ్గిపోతుంది. ఈ "వెంటనే" అన్నది గుర్తుంచుకోదగ్గ లక్షణం. నరం ఇంకా ఆరోగ్యంగానే ఉందని, ఫిల్లింగ్‌తో సరిపోయే అవకాశం ఉందని అది చెబుతుంది.

ఫిల్లింగ్‌లో కుళ్లిన భాగాన్ని తీసేసి, గట్టి భాగం మిగిలాక గుంత నింపుతారు. లోతు తక్కువైతే ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. పంటి రంగు ఫిల్లింగ్‌ను ఒక్కసారిగా నింపరు. పలచని పొరలుగా వేస్తూ, పొర పొరకూ నీలి వెలుతురు పెట్టి గట్టిపరుస్తారు. ఆ సమయంలో పన్ను తడవకూడదు. అందుకే చుట్టూ దూది పెట్టి, పీల్చే గొట్టం పెట్టి, నోరు మూయవద్దని పదే పదే చెబుతారు. తడి తగిలిన ఫిల్లింగ్ ఎక్కువ రోజులు నిలవదు. చివర్లో రంగు కాగితం కొరకమంటారు. ఫిల్లింగ్ ఎక్కడ ఎత్తుగా ఉందో ఆ రంగు పట్టి చెబుతుంది. మత్తులో ఉన్నప్పుడు మన కొరుకుడు సరిగా తెలియదు కాబట్టి, మర్నాడు అన్నం తింటుంటే ఆ పన్నే ముందు తగులుతున్నట్టు అనిపించవచ్చు. అదే సర్దుకుంటుందని ఊరుకోవద్దు. వెళ్లి చెబితే రెండు నిమిషాల్లో సరిచేస్తారు. ఊరుకుంటే ఆ ఒత్తిడికి పన్ను నొప్పి పెడుతుంది. చల్లటికి కొద్దిగా జివ్వుమనడం మాత్రం కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా ఉండటం మామూలే.

వెండి ఫిల్లింగ్ గురించి ఒక మాట. అందులో దాదాపు సగం పాదరసం ఉంటుంది, మిగతా లోహాలతో కలిసి గట్టిపడి ఉంటుంది. పాదరసం వాడకాన్ని తగ్గించేందుకు 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం దీని వాడకాన్నీ క్రమంగా తగ్గించాలని చెప్పింది. అందులో ప్రధానమైన ఆందోళన పర్యావరణం గురించే. కొత్తగా వేయించుకునేవాళ్లు పంటి రంగు ఫిల్లింగే ఎంచుకుంటున్నారు. కానీ ఇరవై ఏళ్లుగా పదిలంగా ఉన్న వెండి ఫిల్లింగ్‌ను భయపడి తీయించుకోవలసిన పనిలేదు.

నరం దాకా వచ్చిన తర్వాత

పన్ను మధ్యలో రక్తనాళాలు, నరాలు ఉన్న మెత్తని కండ ఉంటుంది. దాన్ని పల్ప్ అంటారు. పుచ్చు అక్కడికి చేరితే పల్ప్ వాస్తుంది. చేయి వాస్తే చర్మం సాగుతుంది. పల్ప్ చుట్టూ ఉన్నది సాగని గోడ. వాపుకు చోటు లేక ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పంటి నొప్పి ఇంత భయంకరంగా ఉండటానికి కారణం అదే. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువగా చేరి పోటు పెరుగుతుంది కాబట్టి రాత్రిళ్లు మరీ బాధపెడుతుంది.

ఇక్కడ లక్షణాలు మారతాయి. వేడి కాఫీ తాగిన తర్వాత నొప్పి మొదలై నిమిషాల తరబడి ఆగదు. ఏమీ తినకపోయినా సలుపుతుంది. చెవి, కణత, మెడ దాకా లాగుతుంది. పైపన్నా కిందిపన్నా అన్నది కూడా కొందరు చెప్పలేరు. చల్లనీళ్లు పుక్కిట పట్టి ఉంచితేనే కాస్త ఉపశమనం అని చెప్పేవాళ్లూ ఉంటారు. ఆ మాట వినగానే డాక్టరుకు పల్ప్ ఇక కోలుకోదని దాదాపు అర్థమైపోతుంది.

ఈ నొప్పికి యాంటీబయాటిక్ వేసుకోవడం మన దగ్గర సర్వసాధారణం. అది పనిచేయదు. వాచిన పల్ప్‌లోని నొప్పి యాంటీబయాటిక్‌తో తగ్గేది కాదు. పల్ప్ చచ్చిపోయాక అక్కడికి రక్తం చేరదు కాబట్టి మందూ చేరదు. జ్వరం, ముఖం మీద పాకే వాపు ఉన్నప్పుడు యాంటీబయాటిక్ అవసరమే, అయినా అసలు చికిత్స ఆ పన్నును తెరవడమో, తీయడమో. చెంపకు బయట జండూబామ్ రాయడం, పన్ను పక్కన ఆస్ప్రిన్ మాత్ర నలిపి పెట్టడం రెండూ చేయకూడదు. ఆస్ప్రిన్ చిగురును కాల్చి పుండు చేస్తుంది. లవంగం సంగతి వేరు. అందులోని యూజినాల్ నిజంగానే నొప్పి తగ్గిస్తుంది, దంత వైద్యులు వాడే ఒక తాత్కాలిక సిమెంటులోనూ అది ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా లవంగం నమ్మదగినదే, డాక్టరుకు బదులుగా మాత్రం కాదు.

పాడైన పల్ప్‌ను తీసేసి పన్నును నిలబెట్టే చికిత్సే రూట్ కెనాల్. దానికి భయపడేవాళ్లు నిజానికి భయపడుతున్నది ఆ చికిత్సకు ముందున్న నొప్పికి. చికిత్స మొదలయ్యేది మత్తు ఇంజెక్షన్‌తో. 1943లో స్వీడన్‌లో కనుగొన్న లిగ్నోకెయిన్ ఇప్పటికీ ఎక్కువగా వాడే మందు. అందులో కొద్దిగా ఆడ్రినలిన్ కలుపుతారు, మత్తు ఎక్కువసేపు నిలవడానికి. దానివల్ల రెండు మూడు నిమిషాలు గుండె దడదడలాడవచ్చు, కంగారు పడనవసరం లేదు. గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి. కింది దవడ పన్నుకు ఇంజెక్షన్‌ను దవడ వెనుక భాగంలో, నరం ఎముకలోకి దిగేచోట ఇస్తారు. సగం పెదవి, సగం నాలుక మొద్దుబారి, రెండు నుంచి నాలుగు గంటల దాకా అలాగే ఉంటాయి. పిల్లలకు ఇచ్చినప్పుడు ఆ మత్తు దిగేదాకా పెదవి కొరుక్కోకుండా కనిపెట్టి ఉండాలి. తెలియక నమిలేసి పుండు చేసుకుంటారు.

కొందరికి మత్తు సరిగా ఎక్కదు, మధ్యలో నొప్పి తెలుస్తుంది. అది డాక్టరు చేతగానితనమే కానక్కర్లేదు. ఇన్ఫెక్షన్ ఉన్న చోట కణజాలం ఆమ్లగుణంతో ఉంటుంది, ఆ ఆమ్లంలో మత్తుమందు నరంలోకి సరిగా చొరబడదు. నొప్పి శిఖరానికి చేరాక వచ్చినవాళ్లకే ఈ అనుభవం ఎక్కువ. అలాంటప్పుడు చేయి ఎత్తి చెప్పండి. మరో చోట ఇంకో ఇంజెక్షన్ ఇవ్వడానికి, మందు పూసి ఒకటి రెండు రోజులు ఆగి చేయడానికి మార్గాలున్నాయి. పళ్ల బిగువున ఓర్చుకోవడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

మత్తు ఎక్కాక పన్ను పైన తలుపు తెరిచినట్టు చిన్న దారి చేస్తారు. చాలా చోట్ల ఆ ఒక్క పన్ను మాత్రమే బయటకు కనబడేలా నోటికి రబ్బరు తెర వేస్తారు, లాలాజలం లోపలికి పోకుండా, పరికరాలు గొంతులోకి జారకుండా. మనం మాట్లాడుకుంటున్న కింది దవడ పన్నుకు సాధారణంగా రెండు వేర్లు, వాటిలో మూడు కాలువలు ఉంటాయి. కొందరికి నాలుగు. ఒక్కో కాలువ పొడవును కొలిచి, సూదుల్లాంటి సన్నని ఫైళ్లతో లోపలి కుళ్లును గీకి తీస్తారు. మధ్య మధ్యలో బ్లీచింగ్ వాసన వచ్చే సోడియం హైపోక్లోరైట్ ద్రవంతో కడుగుతారు. ఫైలు వెళ్లలేని మూలల్లోని బ్యాక్టీరియాను చంపేది ఆ ద్రవమే. నాలుగో కాలువను గుర్తించకుండా వదిలేయడం రూట్ కెనాల్ విఫలం కావడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి. చివరికి ఆ కాలువలను గుట్టా పెర్చా అనే, చెట్టు పాల నుంచి తీసిన రబ్బరు లాంటి పదార్థంతో మూసేస్తారు.

ఇదంతా ఒక్క సిట్టింగులో అయిపోవచ్చు, చీము ఉంటే రెండు మూడు పట్టవచ్చు. సిట్టింగుల మధ్య తాత్కాలిక సిమెంటు పెడతారు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మొదటి రోజే నరం తీసేయడంతో నొప్పి పోతుంది. ఇక వెళ్లడం మానేస్తారు. ఆ సిమెంటు కొన్ని వారాలకే అరిగి, లాలాజలం లోపలికి దిగి, శుభ్రం చేసిన కాలువల్లో మళ్లీ బ్యాక్టీరియా చేరుతుంది. సంవత్సరం తర్వాత వచ్చినప్పుడు ఆ పన్ను చాలాసార్లు దక్కదు. మొదలుపెట్టి వదిలేసిన రూట్ కెనాల్ మొదలుపెట్టని దానికంటే మెరుగేమీ కాదు.

చికిత్స తర్వాత రెండు మూడు రోజులు కొరికితే నొప్పి ఉంటుంది. నరం తీశాక నొప్పేమిటని అడుగుతారు. నొప్పి వేరు చుట్టూ ఉన్న ఎముకలో, అక్కడ వాపు ఇంకా తగ్గలేదు. మామూలు నొప్పి మాత్రలతో అది సర్దుకుంటుంది. రోజురోజుకూ పెరుగుతుంటే, వాపు వస్తే మాత్రం ఫోను చేయాలి.

క్యాప్ వద్దంటే ఏమవుతుంది

రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ అనగానే డబ్బు గుంజడానికే అని చాలామంది అనుమానిస్తారు. ముందు పళ్లలో పన్ను బాగా మిగిలి ఉంటే నిజంగానే ఫిల్లింగ్‌తో సరిపెట్టవచ్చు. దవడ పన్ను విషయంలో ఆ వెసులుబాటు చాలా తక్కువ. పుచ్చుతో కొంత, చికిత్స కోసం చేసిన దారితో కొంత పోయి, చుట్టూ పలచని గోడలే మిగులుతాయి. జంతికో, వేరుశనగ చిక్కీయో కొరికినప్పుడు ఆ పన్ను నిలువునా చీలితే అతికించే మార్గం లేదు, తీసేయడమే. చేసిన రూట్ కెనాల్ ఖర్చంతా వృథా.

క్యాప్ కోసం పన్నును చుట్టూ దాదాపు ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీసి అచ్చు తీసుకుంటారు. ల్యాబు నుంచి క్యాప్ రావడానికి కొన్ని రోజులు పడుతుంది. పూర్తి లోహంది చవక, గట్టిది, కానీ కనబడుతుంది. లోహం మీద పింగాణీ ఉన్నది మధ్యస్థం, కొన్నేళ్లకు పింగాణీ పెచ్చులూడవచ్చు, చిగురు దగ్గర నల్లని గీత కనబడవచ్చు. జిర్కోనియా అనే సిరామిక్‌తో చేసింది పంటి రంగులో ఉండి గట్టిగానూ ఉంటుంది, ఖర్చు ఎక్కువ. వెనుక పన్నుకు, నవ్వితే కనబడని చోట, లోహపు క్యాప్ వేయించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. నా దృష్టిలో డబ్బు లేక క్యాప్ మానేయడం కంటే అది వంద రెట్లు నయం. క్యాప్ వేశాక పన్నుకు ఇక పుచ్చు పట్టదనుకోకూడదు. క్యాప్, చిగురు కలిసే అంచు దగ్గర పాచి పడితే అక్కడినుంచే మళ్లీ మొదలవుతుంది, ఈసారి నరం లేదు కాబట్టి నొప్పి హెచ్చరిక కూడా ఉండదు.

పీకించుకోవడం, ఆ తర్వాత

పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న భయం మన ఊళ్లలో ఇంకా ఉంది. పంటికి వెళ్లే నరం వేరు, చూపుకు సంబంధించిన నరం వేరు. పన్ను తీయడం వల్ల చూపు తగ్గదు. తీసేటప్పుడు నొప్పి తెలియదు కానీ ఒత్తిడి తెలుస్తుంది, కదిలిస్తున్న శబ్దం వినబడుతుంది. ఇది ముందే తెలిస్తే సగం భయం పోతుంది.

తీసిన తర్వాతి 24 గంటలే కీలకం. ఆ గుంతలో గడ్డకట్టిన రక్తమే గాయాన్ని మాన్పే కట్టు. దూదిని అరగంట, ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకోవాలి. ఉమ్మేస్తూ ఉండకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో పీల్చకూడదు, పొగ తాగకూడదు. ఆ గడ్డ ఊడిపోతే లోపలి ఎముక తేలి, రెండో మూడో రోజున తట్టుకోలేని నొప్పి మొదలవుతుంది. పన్ను తీసినప్పటి కంటే అది ఎక్కువ. పొగతాగేవాళ్లకు ఈ ముప్పు బాగా ఎక్కువ. ఒకరోజు గడిచాక గోరువెచ్చని ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలించవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపేయకూడదు, ఆపడంలోని ప్రమాదం పంటి గాయంలోంచి కారే రక్తం కంటే పెద్దది కావచ్చు. ఎముకలు గుల్లబారకుండా మందులు వాడేవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి, కొన్ని మందులతో దవడ ఎముక మానడం ఆలస్యమవుతుంది.

జ్ఞానదంతం అడ్డంగా ఇరుక్కుంటే చిగురు కోసి, కొంత ఎముక తీసి, పన్నును ముక్కలు చేసి తీస్తారు. వాపు రెండు మూడు రోజులు పెరిగి తర్వాతే తగ్గుతుంది. ఇబ్బంది పెట్టని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్తగా తీయించుకోవాలా అంటే, అందరికీ అక్కర్లేదు.

పోయిన పన్ను స్థానం ఖాళీగా వదిలేస్తే నష్టం ఆ ఒక్క పంటితో ఆగదు. బస్సులో సీటు ఖాళీ అయితే పక్కవాళ్లు జరిగినట్టు, వెనుక పన్ను ముందుకు వంగుతుంది, పైపన్ను కిందికి దిగుతుంది. వాటి సందుల్లో ఆహారం ఇరుక్కుని అవీ పుచ్చుతాయి. ఖాళీని నింపడానికి మూడు దారులు. తీసి పెట్టుకునే కట్టుడు పన్ను చవక, కొత్తలో నోటికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. పక్క పళ్ల ఆధారంతో నిలిపే బ్రిడ్జి స్థిరంగా ఉంటుంది, దానికోసం అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. మూడోది దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పన్ను పెట్టే ఇంప్లాంట్.

టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని స్వీడన్ వైద్యుడు పెర్ ఇంగ్వర్ బ్రోన్‌మార్క్ కుందేళ్ల ఎముకల మీద పరిశోధన చేస్తూ గమనించారు. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఆ స్క్రూలు బిగించారు. ఇప్పటి ఇంప్లాంట్లకు అదే పునాది. స్క్రూ పెట్టడానికి పట్టేది ఒక గంట లోపే, మర్నాటికి చాలామంది పనులకు వెళ్లగలుగుతారు. ఎముక దాన్ని పట్టుకోవడానికి మాత్రం సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. తర్వాతే పైన పన్ను బిగిస్తారు. ఎముక చాలకపోతే ముందు ఎముక పొడి వేయాలి, అంటే ఇంకొన్ని నెలలు. అదుపులో లేని షుగర్, పొగ అలవాటు ఉన్నవాళ్లలో విఫలమయ్యే అవకాశం ఎక్కువ. ఒకే రోజులో పళ్లు అనే ప్రకటనలు చూసి వెళ్లేవాళ్లు తమ ఎముకకు అది సరిపోతుందా అని స్కాన్ చూపించి మరీ అడగాలి. ఇంత చేసినా దక్కేది సొంత పంటికి ప్రత్యామ్నాయమే. సీలెంట్‌తో మొదలవ్వాల్సిన పన్ను ఇంప్లాంట్ దాకా వచ్చింది.

చిగుళ్ల జబ్బుకు నొప్పే ఉండదు

పుచ్చు ఏదో ఒక దశలో అయినా నొప్పితో పిలుస్తుంది. చిగుళ్ల జబ్బు పిలవదు. పాచి గట్టిపడి గార అవుతుంది, గార కింద చిగురు వాచి తోముతుంటే రక్తం వస్తుంది, తర్వాత పన్నును పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. ఒక్క పుచ్చు కూడా లేని పళ్లు యాభై ఏళ్లకు వరుసగా ఊగిపోవడం దీనివల్లే. గారను బ్రష్‌తో తీయలేం, క్లీనింగే దారి. సెకనుకు పాతిక వేల సార్లకు పైగా కంపించే మొనతో, నీళ్లు చిమ్ముతూ దాన్ని రాలగొడతారు. పన్నును గీకడం కాదు, పన్ను మీద అంటుకున్న దాన్ని విడదీయడం.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి, సందులు పడతాయి అన్న మాట అంతటా వినిపిస్తుంది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. ఎముక అప్పటికే కరిగిపోయిన పళ్లను చాలాసార్లు ఆ గారే ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. అది తీయగానే దాగి ఉన్న సందులు, ఊగడం బయటపడతాయి. వాపు తగ్గిన చిగురు కిందికి దిగడంతో వేరు కొంత తేలి, చల్లటికి కొన్నాళ్లు జివ్వుమంటుంది. నష్టం ముందే జరిగింది, క్లీనింగ్ దాన్ని చూపించింది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అదుపులో లేని షుగర్ చిగుళ్ల జబ్బును పెంచుతుంది, చిగుళ్ల జబ్బు షుగర్ అదుపును చెడగొడుతుంది.

క్లీనింగ్‌తో పళ్లు తెల్లబడవు, టీ మరకలు, పొగాకు మరకలు మాత్రం పోతాయి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో చాలామంది పళ్ల మీద కనిపించే గోధుమరంగు చారలు క్లీనింగ్‌కు పోనే పోవు. అవి నీటిలోని అధిక ఫ్లోరైడ్ వల్ల, చిన్నతనంలో పన్ను తయారవుతున్నప్పుడే లోపల పడ్డవి. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరోసిస్‌ను 1937లోనే వైద్యులు నమోదు చేశారు. వాటికి పైపొరను పలచగా అరగదీయడం, బ్లీచింగ్, పన్ను ముందు భాగానికి అంటించే పలచని పొరలు (లామినేట్లు) వంటి వేరే చికిత్సలు ఉన్నాయి. శుభ్రత లేదని ఆ పిల్లలను నిందించడం మాత్రం అన్యాయం.

గుట్కా, ఖైనీ నమిలేవాళ్లలో నోరు తెరుచుకోవడం క్రమంగా తగ్గుతుంటే, మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే, కారం తగలగానే మండుతుంటే అది పళ్ల సమస్య కాదు, క్యాన్సర్‌కు దారితీయగల మార్పు కావచ్చు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలలో అంగిలి మీద వచ్చే మచ్చలు కూడా అంతే. రెండు వారాలు దాటినా మానని పుండు నోట్లో ఎక్కడున్నా వెంటనే చూపించాలి. నాలుక కింద, దవడ కింద గట్టిగా వాచి మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే డెంటల్ క్లినిక్ కోసం వెతకకుండా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి, రాత్రయినా సరే.

మొదలుపెట్టే ముందు

గర్భిణులు పంటి చికిత్సను కాన్పయ్యేదాకా వాయిదా వేయనక్కర్లేదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చేయించుకోవడం అనుకూలం, నొప్పి, చీము ఉంటే ఎప్పుడైనా చేయించుకోవాలి. వేసుకుంటున్న ప్రతి మందునూ, ఏ మందు పడదో దానినీ డాక్టరుకు చెప్పడం అందరికీ అవసరం.

కుర్చీలో వెనక్కి వాలకముందే అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎక్స్‌రేలో ఏం కనబడుతోంది? ఇప్పుడు చేయకపోతే ఏమవుతుంది, కొన్ని నెలలు ఆగవచ్చా? ఎన్ని సిట్టింగులు? చెప్పిన మొత్తంలో క్యాప్ కలిసి ఉందా, ఏ రకం క్యాప్? మంచి డాక్టరు వీటికి విసుక్కోరు. ఒకేసారి ఎనిమిది పళ్లకు రూట్ కెనాల్ అని చెప్పి, నొప్పి లేకపోయినా ఆ రోజే మొదలుపెట్టాలని తొందరపెడితే, ఎక్స్‌రేలు తీసుకుని ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు.

డబ్బు చాలనివాళ్లకు ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి, కడపలో ఒకటి. బయట వేలల్లో అయ్యే రూట్ కెనాల్ అక్కడ చాలా తక్కువకు అవుతుంది. చేసేది విద్యార్థులే అయినా, అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు. ఒక్కో దశను సీనియరు చూసి సరే అన్నాకే తర్వాతి దశకు వెళ్తారు కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది. ప్రైవేటు క్లినిక్‌లో గంటలో అయ్యేది ఇక్కడ ఒక పూట పట్టవచ్చు, సిట్టింగులు ఎక్కువ కావచ్చు. ఉదయం ఓపీ వేళకే చేరుకోవాలి. ఆధార్ కార్డు, పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీలు, షుగర్ ఉంటే ఇటీవలి పరీక్ష రిపోర్టు వెంట తీసుకెళ్తే మొదటి రోజే పని మొదలయ్యే అవకాశం ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. టిఫిన్ తిని, మాత్ర వేసుకునే బయలుదేరాలి.